అత్తయ్య ఎక్కిన బస్సు

మా తీరం చూడడానికి వచ్చి వెళ్ళినవాళ్ళలో చాలామందికి ఆమె వ్యాను గుర్తుంటుంది. ఉప్పుగాలికి పాలిపోయిన పచ్చరంగు వ్యాను. సీటు సీటుకీ ఒక వాంతుల కవరు, డ్రైవరు సీటు వెనక మందుల పెట్టె, దాని కింద చుట్టిపెట్టిన లావుపాటి తాడు, పక్కనే గాలి నింపిన ఈత ట్యూబు. "అమ్మా, మనం కోట చూడ్డానికి వెళ్తున్నామా, కోట మీదికి యుద్ధానికి వెళ్తున్నామా?" అని ఎవరో ఒకరు వేళాకోళమాడేవారు. ఆమె నవ్వేది కాదు. "ముందు బెల్టు పెట్టుకోండి" అనేది.

ఊళ్ళో అందరూ ఆమెను కంగారక్క అంటారు. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే మొగుడు కూడా ఇంటికొస్తూనే "మా కంగారు వచ్చిందా?" అని గుమ్మంలోంచే అడుగుతాడు. ఆమె తండ్రి పడవ నడిపేవాడు. ఆయనకు సముద్రంలో ఏమీ కాలేదు. పండు ముసలి అయ్యాక మంచం మీదే కన్నుమూశాడు. కానీ ఆయన పడవ తిరిగొచ్చేదాకా తల్లి రోజూ ఒడ్డున నిలబడేది. కూతురి చెయ్యి పట్టుకుని నిలబడేది. మబ్బు కమ్మిన కొద్దీ ఆ పట్టు బిగిసేది. ఆ బిగింపే పిల్లకు అంటుకుని ఉంటుందని మా వాళ్ళు అంటారు.

యాత్రికులను ఆమె తిప్పే దారి ఎప్పుడూ ఒకటే. మొదట కొండకొమ్ము మీది పాత కోట. తర్వాత ఎప్పటిదో తుఫానులో ఒడ్డెక్కి ఇసుకలో సగం కూరుకుపోయిన ఓడ. ఆ తర్వాత కాపలారాయి. అది సముద్రంలోకి చొచ్చుకుపోయిన బండ. దాని మీద పూర్వం శత్రువుల ఓడల కోసం కాపు కాసిన గది ఒకటి కూలిపోయి ఉంటుంది. ఆటు వేళ నీళ్ళు తీసినప్పుడు ఒడ్డు నుంచి బండ దాకా రాళ్ళ దారి బయటపడుతుంది. పోటు మొదలైతే ఆ దారి మళ్ళీ మునిగిపోతుంది. కంగారక్క మాత్రం ఏనాడూ ఎవరినీ ఆ దారి మీద నడవనివ్వలేదు. ఒడ్డునే నిలబెట్టి, వేలు చూపించి, కథ చెప్పి, వ్యాను ఎక్కించేసేది. చివరగా లైట్‌హౌస్. అక్కడ మెట్లెక్కేటప్పుడు అందరికంటే వెనక తనుండేది, ఎవరైనా జారితే పట్టుకోవడానికి.

ఇంత జాగ్రత్త గల మనిషి చేతిలోంచి ఒకరోజు సొంత అత్తగారే జారిపోయింది.

అత్తయ్య వయసంతా రేవులోని చేపల షెడ్డులో గడిచింది. తెల్లారకముందే వెళ్ళి, కత్తి పట్టుకుని, చేపలు శుభ్రం చేసి, చీకటి పడ్డాక లైట్‌హౌస్ దీపం వెలిగితే ఇంటిదారి పట్టేది. మోకాళ్ళు మొరాయించాక ఇంట్లో కూర్చుంది. మొదట్నుంచీ పెద్దగా మాటలుండేవి కావు. రెండేళ్ళ కిందట మతిమరుపు మొదలై ఆ కాస్తా తగ్గాయి. సబ్బు తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టేది. ఎప్పుడో పోయిన తన తల్లి ఇంకా రాలేదేమని అడిగేది. ఒకసారి వీధి తలుపు తీసుకుని మలుపు దాకా వెళ్ళిపోయింది. అప్పటినుంచి కంగారక్క వ్యానుతో వెళ్ళిన రోజుల్లో పక్కింటి కుట్టుమిషను పిన్ని వచ్చి, మిషను అక్కడే పెట్టుకుని, కుట్టుకుంటూ కాపలా ఉండేది.

ఆ రోజు పిన్ని కూతురికి నొప్పులొచ్చాయి. పిన్ని తెల్లవారుజామునే పట్నం వెళ్ళిపోయింది. మొగుడికి ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. పట్నం నుంచి స్కూలు టీచర్ల బృందం బస్టాండులో దిగి ఎదురుచూస్తోంది. కంగారక్క గుమ్మంలో కాసేపు అటూ ఇటూ తచ్చాడి, చివరికి అత్తయ్యకు నీలం స్వెట్టరు తొడిగి, ముందుసీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, సరిగా పడిందో లేదో మళ్ళీ లాగి చూసింది.

"ఎక్కడికే పిల్లా?" అంది అత్తయ్య.

"ఊరికే అలా తిరిగొద్దాం అత్తయ్యా."

కోట గేటు దగ్గర టికెట్లిచ్చే ముసలాయన్ని ఆమె బాబాయ్ అని పిలుస్తుంది. గేటు పక్కనున్న సిమెంటు బెంచీ మీద అత్తయ్యను కూర్చోబెట్టి, చేతికి బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి, "బాబాయ్, కాస్త కనిపెట్టుకుని ఉండు. బురుజు దాకా వెళ్ళి వచ్చేస్తా" అంది.

"నువ్వెళ్ళమ్మా, నేనెక్కడికి పోతాను" అన్నాడాయన.

బురుజు మీద ఫిరంగి దగ్గర నిలబడి రోజూ చెప్పే కథే చెప్పింది గానీ మనసు మనసులో లేదు. పైనుంచి చూస్తే గేటు గోడ అడ్డం, బెంచీ కనబడదు. టీచర్లలో పెద్దావిడ, లెక్కల టీచరు, కళ్ళజోడు సవరించుకుని అడిగింది: "ఏమ్మా, ఈ ఫిరంగి అసలు పేలిందా లేదా? ఇందాక రెండుసార్లు పేలిందన్నావు, ఇప్పుడేమో ఒక్కసారీ పేలలేదంటున్నావు?"

కంగారక్క సిగ్గుపడి, క్షమించమని, గబగబా అందరినీ కిందికి దింపింది.

బెంచీ ఖాళీగా ఉంది. బిస్కెట్ ప్యాకెట్ సగం తిని మడతపెట్టి ఉంది. బాబాయ్ రోడ్డు మీద మోటారుసైకిలు అడ్డం పెట్టినవాడితో గొడవపడుతున్నాడు.

"బాబాయ్, అత్తయ్యేది?"

ఆయన వెనక్కి తిరిగి, బెంచీ వైపు చూసి, నోరు తెరిచాడు. "ఇక్కడే... ఇప్పుడే చూశానమ్మా. ఇప్పుడే కదా!"

కంగారక్క వ్యానులో చూసింది. మరుగుదొడ్ల తలుపులు బాదింది. కోట లోపలికి పరుగెత్తి, గది గదిలోనూ "అత్తయ్యా!" అని కేకేసింది. కూలిన గోడలకు కొట్టుకుని తన కేకే తనకు తిరిగొచ్చింది. వెనకవైపు సముద్రం మీదికి ఒరిగిన గోడ దగ్గరికెళ్ళి, వంగి కిందికి చూడ్డానికి ధైర్యం చాల్లేదు. కళ్ళు మూసుకుని వంగింది. తెరిచింది. కింద రాళ్ళ మీద నురుగు తప్ప ఏమీ లేదు. అక్కడ్నించి వాననీళ్ళ బావి దగ్గరికి పరుగెత్తింది. పాచిపట్టిన నీళ్ళలో తెల్లగా ఏదో తేలుతోంది. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. లెక్కల టీచరు వెనకే వచ్చి భుజం పట్టుకుని, "కవరమ్మా. ప్లాస్టిక్ కవరు. సరిగ్గా చూడు" అంది.

గేటు బయట టీకొట్టు నడిపే ఆవిడ ఈ గందరగోళం విని గ్లాసులు కడుగుతున్నదల్లా లేచి వచ్చింది.

"నీలం స్వెట్టరు ముసలావిడేనా? మీ అత్తగారా ఆవిడ? టోపీలవాళ్ళ బస్సెక్కింది కదా!"

"ఏ బస్సు వదినా?"

"పెద్ద బస్సు. అందరూ ముసలీ ముతకా, అందరికీ ఒకేలాంటి తెల్ల టోపీలు. మీ అత్త వాళ్ళ మధ్య నిలబడి ఉంటే ఒకాయన 'రండి రండి, ఆలస్యమైంది' అని చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఒక టోపీ కూడా పెట్టాడు. వాళ్ళ మనిషే కాబోలనుకున్నా."

"ఎటు పోయింది బస్సు?"

"ఓడ వైపు. చాలాసేపైంది."

కంగారక్క మొదటి ఆలోచన అత్తయ్య బతికే ఉందని. రెండోది కాపలారాయి. ఓడ తర్వాత అందరూ వెళ్ళేది అక్కడికే. ఈవేళ పోటు తొందరగా వస్తుంది, భోజనాల వేళకే మొదలవుతుంది. బయటి బస్సు, బయటి డ్రైవరు. దారి దగ్గర హెచ్చరిక బోర్డు ఉంది గానీ దాని అక్షరాలు ఉప్పు తినేసి ఎన్నాళ్ళో అయింది.

మొగుడికి ఫోన్ చేసింది. ఐసు గదిలోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు. మోగి మోగి ఆగిపోయింది. పోలీసు ఔట్‌పోస్టుకు చేస్తే అవతలి మనిషి జీపు పట్నం వెళ్ళిందనీ, వచ్చాక చూస్తామనీ అన్నాడు. ఆమె టీచర్ల ముందుకొచ్చి చేతులు జోడించినంత పనిచేసింది.

"మీరిక్కడే టీ తాగుతూ ఉండండి. నేను ఆవిణ్ణి పట్టుకుని వచ్చేస్తాను. మీ డబ్బులు తిరిగిచ్చేస్తాను, ఏమనుకోవద్దు."

వెనక ఒక టీచరు, "మరి లైట్‌హౌస్ మూసేస్తారేమో..." అని గొణిగాడు. లెక్కల టీచరు అతనివైపు ఒక్క చూపు చూసింది. క్లాసులో ఎన్నో తరాల పిల్లలను కూర్చోబెట్టిన చూపు అది. "పదమ్మా. అందరం వస్తాం. ఎక్కువ కళ్ళుంటే తొందరగా కనబడుతుంది" అని తనే ముందు వ్యానెక్కింది.

ఎద్దుబండి వెనకైనా ఓపిగ్గా నడిపే మనిషి ఆ రోజు హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. మలుపుల్లో టీచర్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. సగం దారిలో లెక్కల టీచరు వెనకనుంచి వంగి, "నువ్వు బెల్టు పెట్టుకోలేదమ్మా" అని చెబితే, ఒంటిచేత్తో స్టీరింగు పట్టుకుని తగిలించుకుంది.

ఓడ దగ్గర బస్సు లేదు. తుప్పుపట్టిన ఇనుప పక్కటెముకల కింద గవ్వలమ్మే ఆయన ఒక్కడే దుప్పటి పరుచుకుని కూర్చున్నాడు.

"టోపీలవాళ్ళా? ఇందాకే వెళ్ళారు. కంగారక్కా, మీ అత్తని వాళ్ళకి గైడుగా పంపావా ఏంటి? ఎంత బాగా చెప్పిందీ!"

"మా అత్తయ్యా? ఏం చెప్పింది?"

"ఈ ఓడ ఒడ్డెక్కిన రోజు సంగతంతా! షెడ్డులో ఆడవాళ్ళందరూ కత్తులు పారేసి పరుగెత్తుకొచ్చారట. ఓడవాళ్ళు చలికి గజగజలాడుతుంటే ఒంటి మీద స్వెట్టర్లు తీసి ఇచ్చారట. వాళ్ళలో ఒక కుర్రాడికి పాదాలు చిన్నవట, మీ అత్త తన చెప్పులు వాడికిచ్చి వట్టి కాళ్ళతో ఇంటికెళ్తే మీ మామ తిట్టాడట. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టా."

కంగారక్క పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ ఓడ కథ చెప్పి పొట్టపోసుకుంటోంది. గాలివేగం చెప్పింది, ఓడ బరువు చెప్పింది. ఆ రోజు అక్కడున్న మనిషి తన వంటింట్లో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోందని ఆమెకు తెలియనే తెలియదు. ఎప్పుడూ అడగలేదు. కానీ అప్పుడు అదంతా ఆలోచించే తీరిక లేదు. వ్యాను తిప్పింది.

కాపలారాయి మలుపు తిరగ్గానే బస్సు కనిపించింది. బస్సు పక్కన నలుగురైదుగురు టోపీలవాళ్ళు నిలబడి నీళ్ళ సీసాలు తెరుచుకుంటున్నారు. రాళ్ళ దారి మీద, ఇంకా దూరంలో, తెల్ల టోపీలు చుక్కల్లా కదులుతున్నాయి. దారికి రెండువైపులా నీళ్ళు అప్పటికే నిండుతున్నాయి. నడిమధ్యన దారి పల్లంగా ఉన్నచోట రాళ్ళ మీద పల్చటి నీటి పొర మెరుస్తోంది.

"ఎవరండీ మీలో పెద్ద?"

మెడలో విజిలు వేసుకున్న ఒకాయన నవ్వుతూ వచ్చాడు. "నేనేనమ్మా, పెన్షనర్ల సంఘం సెక్రటరీని. మీరు కూడా..."

"పోటు వస్తోందండీ! వాళ్ళని వెనక్కి పిలవండి! అందులో మా అత్తయ్య ఉంది!"

ఆయన నవ్వు మొహం మీదే ఉండిపోయింది. నీళ్ళవైపు చూశాడు. అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. విజిలు నోట్లో పెట్టుకున్నాడు గానీ గాలి రాలేదు.

ఆమె వ్యానులోంచి తాడు లాగి భుజాన వేసుకుంది. ఒక కొస మగ టీచర్ల చేతికిచ్చి, "ఒడ్డున ఆ గుంజకి కట్టి గట్టిగా పట్టుకోండి" అంది. దారి మొదట్లో నిలబడింది. కాలు ముందుకు పడలేదు. తల్లి చేతి బిగింపు తన అరచేతిలో ఉన్నట్టే అనిపించింది. అందరికీ చేత్తో చూపించిన దారే గానీ తనెప్పుడూ అడుగుపెట్టిన దారి కాదు.

"నేనూ వస్తానమ్మా, పద" అంది లెక్కల టీచరు, చెప్పులు విడుస్తూ.

"వద్దు టీచరుగారూ! మీరొస్తే మీ గురించి కూడా కంగారుపడాలి నేను" అని, ఆ కోపంలోనే ఆమె నీళ్ళలోకి దిగింది.

రాళ్ళ మీద పాచి జారుతోంది. నీళ్ళు మడమలు దాటాయి. పల్లం దగ్గర పిక్కల దాకా వచ్చాయి. తాడు రెండో కొసను పల్లం అవతల పెద్ద రాతికి చుట్టి, తన కేకలు విని వెనక్కి తిరిగి ఎదురొస్తున్న ఒక్కొక్కరి చెయ్యీ దాని మీద వేసి, "ఇది వదలొద్దు, కింద చూసి నడవండి, మాట్లాడుకోవద్దు" అంటూ, టోపీ కింద మొహం చూసేది. ఒక మొహం. ఇంకొకటి. గెడ్డం తెల్లబడ్డాయన. బోసినోటి పెద్దావిడ. తన అత్తయ్య కాదు. మళ్ళీ కాదు. కడపటి వాళ్ళు కూడా దాటిపోయాక దారి ఖాళీగా కనిపించింది. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అత్తయ్యా!"

అప్పుడు బండ మలుపు వెనకనుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. మోకాళ్ళ దాకా బట్టలెత్తి దోపుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, షికారుకొచ్చినట్టు నడుస్తున్నారు. ఒకావిడ చేతిలో కర్ర. రెండో ఆవిడది నీలం స్వెట్టరు.

కంగారక్క పరుగెత్తింది. జారి ఒక మోకాలు మీద పడి, లేచి, మళ్ళీ పరుగెత్తి, "అత్తయ్యా! అత్తయ్యా!" అని ఆమెను చుట్టేసుకుంది.

"అలా అరవకే పిల్లా" అంది అత్తయ్య నిదానంగా. "ఈవిడకి గుండె జబ్బట."

ఇద్దరినీ చెరొక చేత్తో పట్టుకుని వెనక్కి బయల్దేరేసరికి పల్లంలో నీళ్ళు తొడల దాకా వచ్చాయి. ఒక అల పక్కనుంచి తోసింది. కర్రావిడ చేతిలోంచి కర్ర కొట్టుకుపోయింది. "పోనీండి, పోనీండి" అని కంగారక్క ఆవిడ నడుం చుట్టూ చెయ్యేసి తాడు మీద వాలింది. అవతల ఒడ్డునుంచి టీచర్లందరూ కలిసి తాడు బిగబట్టి లాగి ఉంచారు. లైట్‌హౌస్ మూసేస్తారేమోనన్న టీచరు మొలలోతు నీళ్ళలోకి దిగి వచ్చి కర్రావిడను ఎత్తుకున్నాడు.

ఒడ్డు చేరాక కంగారక్క ఇసుకలో కూలబడింది. సెక్రటరీ ఎదుటికొచ్చి టోపీ తీసి రెండు చేతులతో నలుపుతూ నిలబడ్డాడు.

"పొద్దున ఒకావిడ కాళ్ళనొప్పులని బయల్దేరలేదమ్మా. ఆ సంగతి నేను మర్చిపోయాను. కోట దగ్గర లెక్క సరిపోయేసరికి..." మాట పూర్తికాలేదు.

దారంతా ఆయన కోసం దాచుకొచ్చిన తిట్లు ఆమె నోట్లోనే ఆగిపోయాయి. "ఇంకెప్పుడూ ఆ దారి మీదికి ఎవర్నీ తీసుకెళ్ళకండి" అని మాత్రం అంది.

అందరూ తడి బట్టలు పిండుకుంటుంటే ఆమె అత్తయ్య పాదాలు తుడిచి, "ఇంటికెళ్దాం పదండి" అంది.

అత్తయ్య కదల్లేదు. "అదెక్కిస్తామన్నారు వీళ్ళు" అని లైట్‌హౌస్ వైపు చూపించింది.

"ఇవాళ చాలత్తయ్యా. మీరు అలిసిపోయారు. జలుబు చేస్తుంది. ఇంటికెళ్దాం."

"ఇంట్లో ఏముందే?"

కర్రావిడ, "తీసుకెళ్ళమ్మా, పొద్దుట్నించీ అదే అడుగుతోంది మీ అత్త" అంది. లెక్కల టీచరు తన పొడి శాలువా తీసి అత్తయ్యకు కప్పింది.

వెళ్ళారు. రోజూ దాని దీపం చూసి ఇంటిదారి పట్టిన మనిషి, దాని తలుపు లోపల ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. సున్నం వాసన వేసే చల్లటి గుండ్రటి మెట్లు. కంగారక్క ఒక మెట్టు కిందుండి, అత్తయ్య స్వెట్టరు అంచు పిడికిట్లో పట్టుకుని ఎక్కించింది. మొదటి కిటికీ దగ్గరికి రాగానే అత్తయ్య మోకాళ్ళు ఇంక వల్లకాదన్నాయి. మెట్టు మీదే కూర్చుని, కిటికీలోంచి చూసింది.

"అది మన షెడ్డేనా? అంత చిన్నదా?"

"అదే అత్తయ్యా."

"రేకులు మార్చినట్టున్నారే."

కిటికీలోంచి కాపలారాయి కూడా కనబడుతోంది. దాని చుట్టూ సముద్రమే ఉంది. దారి అన్నది ఎప్పుడూ లేనట్టే ఉంది. అది చూడగానే కంగారక్క ఒళ్ళంతా వణికింది. అత్తయ్య ఆమె చెయ్యి తీసుకుని రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దింది. "చలేస్తోందా?" అంది.

సాయంత్రం మొగుడు ఇంటికొచ్చి సంగతి విని, ముందు తల్లిని చూసుకుని, తర్వాత పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు. "అన్నిటికీ కంగారుపడేదానివి, మా అమ్మ దగ్గరికొచ్చేసరికి ఎలా వదిలేశావు?" ఆ మాట ఆమెకు రోజంతా పడ్డ భయం కంటే లోతుగా దిగింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి అతనే వెనకాల వచ్చి, దెబ్బ తగిలిన మోకాలు చూసి, ఫ్యాక్టరీ సంచీలోంచి ఐసు ముక్క గుడ్డలో చుట్టి దాని మీద పెట్టి, అక్కడే నేల మీద కూర్చున్నాడు. "ఓడ సంగతి నాకు కూడా ఎప్పుడూ చెప్పలేదే అమ్మ" అన్నాడు ఐసు ముక్క సర్దుతూ.

తెల్లారేసరికి అత్తయ్యకు అదేమీ గుర్తులేదు. కోట లేదు, బస్సు లేదు, నీళ్ళు లేవు. కుట్టుమిషను పిన్ని మనవడు పుట్టిన సంతోషంలో తిరిగొచ్చి, జరిగింది విని గుండెలు బాదుకుని, అత్తయ్య స్వెట్టర్లన్నిటికీ మెడ లోపల కంగారక్క ఫోను నంబరు ఎర్రదారంతో కుట్టేసింది. అయినా అప్పటినుంచి కంగారక్క ఆమెను ఇంట్లో వదల్లేదు. ముందుసీటు ఆవిడదే అయిపోయింది. కోట దగ్గర బెంచీ మీద కాదు, తన చెయ్యి పట్టుకునే ఉంటుంది. ఓడ దగ్గర మాత్రం కంగారక్క నోరు మూసుకుని పక్కకు తప్పుకుంటుంది. బాగున్న రోజున అత్తయ్య కథంతా చెబుతుంది. ఒక్కోరోజు చెప్పులిచ్చింది కుర్రాడికి కాదు, ముసలి కెప్టెనుకి అవుతుంది. ఒక్కోరోజు ఇచ్చింది చెప్పులు కాదు, గొడుగు. కంగారక్క దిద్దదు. ఏమీ గుర్తురాని రోజున ఇద్దరూ కాసేపు ఆ తుప్పు ఇనుము వైపు చూసి వచ్చి వ్యానెక్కుతారు.

ఈ మధ్య అత్తయ్య లైట్‌హౌస్ మొదటి కిటికీ దాకా కూడా ఎక్కలేకపోతోంది. కింద అరుగు మీద కూర్చుంటుంది. కంగారక్క ఆమెను వదిలి పైకి వెళ్ళలేదు. యాత్రికులను వాళ్ళ మానాన వదిలేసి కిందా ఉండలేదు. అందుకని అత్తయ్య పక్కనే కూర్చుని, మెడ నొప్పెట్టేదాకా తలెత్తి చూస్తూ, "ఆ కమ్మీకి ఆనుకోకండీ! పిల్లని ఎత్తుకోండీ!" అని కేకలేస్తూ ఉంటుంది. పైనున్న వాళ్ళకు గాలి హోరులో ఒక్క ముక్కా వినబడదు. వాళ్ళు నవ్వుతూ చేతులూపుతారు. అత్తయ్య కూడా చెయ్యి ఊపుతుంది.